ఆడవాళ్ళ వైపు గోడకు కమ్చీ

ఒరోజాలికి ముక్కు మీద కోపం అనేవాళ్ళు మా లోయలో. చాలా మర్యాదగా చెప్పిన మాట అది. కోపం ముక్కు మీదే ఉంటే చూసి పక్కకు తప్పుకోవచ్చు. అతని కోపం పిడికిట్లో ఉండేది. నవ్వుతూ నవ్వుతూనే కొట్టేవాడు. ఉలాక్ ఆటలో తల తీసేసిన మేక కళేబరం కోసం గుర్రాలన్నీ ఒకదాన్నొకటి తొక్కుకుంటూ ఉంటే, అతను కమ్చీని పళ్ళతో కరిచిపట్టుకుని మధ్యలోకి దూరేవాడు. దారి ఇచ్చినవాళ్ళు బతికిపోయేవాళ్ళు. ఇవ్వని వాళ్ళ ముఖాల మీద ఆ తోలు కొరడా గీతలు ఇప్పటికీ ఉన్నాయి. బెర్దికె ఎడమ చెవి సగమే మిగలడానికి కారణం కూడా అదే. బెర్దికె అతనికి చిన్ననాటి స్నేహితుడు. స్నేహితుడికే ఆ గతి పడితే పరాయివాళ్ళ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఇంట్లో సంగతీ చెప్పాలి. అతని భార్య అనిపాకు ముందు పన్ను ఒకటి లేదు. మంచు మీద జారిపడ్డానని అందరికీ చెప్పుకునేది. నిండు వేసవిలో ఊడిన పన్ను అది. వినేవాళ్ళకూ తెలుసు, చెప్పే ఆవిడకూ తెలుసు. అందరూ తలలూపి టీ తాగేవాళ్ళు. మా వాళ్ళ మంచితనం ఆ మేరకే.

చిన్నప్పుడెప్పుడో గొంతునొప్పి వచ్చి, కీళ్ళు వాచి, ఒరోజాలి ఒక చలికాలమంతా మంచం పట్టాడు. లేచాక ఆ జబ్బును అందరూ మరిచిపోయారు. అది మాత్రం అతన్ని మరిచిపోలేదు. గుండెలో కూర్చుని ఏళ్ళ తరబడి వాల్వును కొరుక్కు తింది. ఒక శరత్కాలం ఉలాక్ మధ్యలో, ఎవరూ కొట్టకుండానే, జీను మీది నుంచి మూటలా జారిపడ్డాడు. పెదవులు నీలంగా మారిపోయాయి. పట్నం తీసుకెళ్ళారు. రొమ్ము ఎముకను రంపంతో కోసి, పాడైన వాల్వు తీసేసి, ఆ చోట ఇనుముతో చేసినది కుట్టారు.

తెలివి రాగానే అతనికి వినిపించింది కళ్ళెం చప్పుడు. ఆకలేసిన గుర్రం నోట్లో ఇనుమును నములుతూ ఉంటే టిక్కు టిక్కుమంటుందే, అది. గుర్రాన్ని లోపలికెవరు తెచ్చారని నర్సును అడిగాడు. నర్సు నవ్వి, గుర్రం ఎక్కడా లేదనీ, ఆ చప్పుడు ఆయనదేననీ చెప్పింది.

ఆ రోజు నుంచి అతను ఒంటరిగా ఉన్నది లేదు. నోరు మూసుకుంటే చప్పుడు కాస్త అణిగేది, తెరిస్తే బయటికొచ్చేది. ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే చెవికీ దిండుకీ మధ్య కొట్టుకునేది. ఆవిరి స్నానాల గదిలో బట్టలు విప్పగానే నాలుగు గోడలూ దాన్నే తిరిగి అప్పగించేవి. అప్పుడప్పుడూ ఒక దెబ్బ తప్పేది. దౌడులో గుర్రం కాలు గుంతలో పడ్డట్టు లోపలంతా ముందుకు తూలేది, ఆ తరువాతి దెబ్బ రెండింతల బరువుతో వచ్చి పక్కటెముకలకు తగిలేది. అప్పుడతను ఊపిరి బిగబట్టి చప్పుడు కోసం వెతుక్కునేవాడు. ఆగిపోతే ఆ నిశ్శబ్దాన్ని వినడానికి తనుండడని తెలిసినా వెతుక్కునేవాడు.

పట్నం డాక్టరమ్మ చెప్పి పంపింది: చచ్చేదాకా రోజూ మాత్ర వేసుకోవాలి, అది రక్తాన్ని పలచగా ఉంచుతుంది, లేకపోతే ఇనుము మీద రక్తం గడ్డకడుతుంది. గుర్రం ఎక్కకూడదు. పోట్లాటలు కూడదు. ముఖ్యంగా తలకు దెబ్బ తగలకూడదు. తగిలితే లోపలే కారుతుంది, ఆగదు. ఈ మాటలు అనిపా విని వచ్చి ఊళ్ళో చెప్పింది. లోయంతా తెలిసిపోయింది.

అక్కడ మొదలైంది అసలు కష్టం. బజారులో ఎవడైనా భుజం రాసుకుంటే ఒకప్పుడు పళ్ళు రాలగొట్టేవాడు. ఇప్పుడు వాళ్ళే చేతులు వెనక్కి పెట్టుకుని, ముందు మీరు నడవండన్నా అనేవాళ్ళు. అందరూ అతన్ని కోడిగుడ్డులా చూశారు. ఎవడూ తిట్టడు, ఎవడూ తొయ్యడు. గడ్డం గీసుకుంటూ కాస్త తెగితే తువ్వాలు తడిసిపోయే మనిషితో ఎవడు కలియబడతాడు? ఒరోజాలికి తల కొట్టేసినట్టుండేది.

బయట దెబ్బ తినకూడదు, అందుకని బయట దెబ్బలాట లేదు. ఆ దెబ్బలన్నీ ఇంటికి నడిచొచ్చాయి. ఇంట్లో తిరిగి కొట్టేవాళ్ళు లేరు గనక డాక్టరమ్మ మాట అక్కడ తప్పినట్టు కాదని అతని లెక్క. అతని మీద నాకు జాలి లేదు. గుండె కోసి బాగుచేశాక కూడా మనిషి ఇలాగే ఉంటే ఆ కోసిన చేతులది వృథా శ్రమ అనిపించేది. అనిపా మణికట్టు విరిగింది. పెద్ద కూతురు జాన్యిల్, పదిహేడేళ్ళది, అడ్డం వస్తే గుమ్మానికేసి కొట్టాడు. కనుబొమ్మ చీలి కుట్లు పడ్డాయి.

ఆ తరువాతి వసంతంలో జరిగిన చిన్న విషయం ఇది. ఒరోజాలి భోజనానికి కూర్చుని, గొర్రెల బేరంలో తనకు జరిగిన అవమానం గురించి చెబుతున్నాడు. మామూలుగానే చెబుతున్నాననుకున్నాడు. చెబుతుండగా అనిపా పొయ్యి మీద మరుగుతున్న కెటిల్‌ను అతని చేతికందని మూలకు జరిపింది. జాన్యిల్ లేచి వెళ్ళి గోడకున్న కమ్చీని తీసి పరుపుల దొంతర వెనక పడేసింది. చిన్నకూతురు అసీల్ అయిదేళ్ళది. అది తింటున్న రొట్టె పక్కన పెట్టి, గుమ్మం దగ్గర కూర్చుని, ఎవరూ చెప్పకుండానే బూట్లు తొడుక్కుంది. ముందు ఒకటి, తరువాత రెండోది. తొడుక్కుని అక్క కోసం చూస్తూ కూర్చుంది.

ఎక్కడికే అని అడగబోయాడు. నోరు తెరిచేసరికి తన లోపలి చప్పుడు తనకే వినపడింది. కళ్ళెం నమలడం కాదు, దౌడు. తనకు కోపం వచ్చిందని తనకు తెలియకముందే ఇంట్లో ముగ్గురికీ తెలిసిపోయింది. ఎన్నాళ్ళ నుంచి ఇలా వింటున్నారో, ఎన్ని సాయంత్రాలు తను నోరెత్తే లోపు కెటిల్ జరిగిందో, ఆ లెక్క అతనికి దొరకలేదు. తన పెంపుడు గుర్రమే తనను తన్నినట్టు అనిపించింది.

సిగ్గుపడాల్సిన చోట అతను చేసినదేమిటంటే, గొర్రెతోలు కోటు తొడుక్కోవడం. చప్పుడు బయటికి రాకూడదని. జూన్ నెలలో, ఊరంతా చొక్కాలతో తిరుగుతుంటే, అతను ఉన్ని లోపలికి తిప్పిన చలికోటు మెడదాకా బిగించుకుని, చెమటలు కక్కుతూ భోజనానికి కూర్చునేవాడు. పెదవులు బిగించి ముక్కుతో మాట్లాడేవాడు. నవ్వొచ్చే దృశ్యమే గానీ ఆ ఇంట్లో ఎవరూ నవ్వలేదు. కోటు వేసుకున్న రోజుల్లో అసీల్ పొద్దుటి నుంచీ బూట్లు విప్పేది కాదు.

ఆ వేసవి చివర మా లోయవాడే, మైరమ్‌బెక్, తన తండ్రి ఏడాది సంస్మరణ విందుకు గుర్రాన్ని కోశాడు. లోయంతా వచ్చింది. గుడారంలో ఎడమ పక్క మగవాళ్ళు, కుడి పక్క ఆడవాళ్ళు, మధ్యలో బట్ట పరిచి రొట్టెలు. మాంసం వచ్చింది. మా వాళ్ళలో మాంసం పంచడమంటే మనిషిని తూచడం. ఏ వయసువాడికి ఏ ఎముక, ఏ వరసకు ఏ ముక్క అని తప్పకుండా ఉంటుంది. ఒరోజాలి వయసుకు, వంశానికి, తొడ ఎముక రావాలి. పక్కనున్న బెర్దికెకు అదే వచ్చింది. ఒరోజాలి ముందు పళ్ళెంలో పెట్టింది మెత్తటి రొమ్ము మాంసం, ఎముక అసలే లేకుండా, సన్నగా తరిగి. అది ఆడపిల్లలకూ కొత్త కోడళ్ళకూ పెట్టేది.

ఒక ముసలాయన దీవెన చదువుతున్నాడు. అందరూ చేతులు చాచి మౌనంగా ఉన్నారు. ఆ మౌనంలో టిక్కు టిక్కు మొదలైంది. మొదట నడక, తరువాత పరుగు. అతను పళ్ళు బిగబట్టాడు, ఆగలేదు. ముసలాయన దీవెన ముగించి కళ్ళెత్తి చూశాడు. గుడారమంతా అతని గుండె వింటోంది. కుడి పక్క అనిపా పళ్ళెం ముట్టకుండానే లేచి, కూతుళ్ళిద్దర్నీ చేయి పట్టుకుని, వంగి బయటికి వెళ్ళిపోయింది. ఆవిడ ఎందుకు లేచిందో ఆడవాళ్ళందరికీ అర్థమైంది. ఆ తరువాత మగవాళ్ళకూ అర్థమైంది.

ఆ బరువును తేలిక చేద్దామనే బెర్దికె నోరు తెరిచాడు, పాపం.

"ఏరా, నీ గుర్రం దౌడు తీస్తోందేంటి? ఇక్కడ మేక లేదు, గుర్రం మాంసమే ఉంది. కళ్ళెం లాగు కాస్త."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఒరోజాలి కూర్చున్న చోటి నుంచే అతని నోటి మీద గుద్దాడు. పెదవి చీలి, తెల్లటి రొట్టెల మీద రక్తం చిందింది. బెర్దికె లేచాడు. ఒంటిచేత్తో గొర్రెను ఎత్తి జీను మీద వేసుకునే మనిషి. పిడికిలి బిగించి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి గాల్లోనే ఉంది. ఒరోజాలి తల ముందుకు పెట్టి, కొట్టరా కొట్టు అని అరుస్తున్నాడు. ఏడాదిగా అతను ఆశపడుతున్నది అదే, ఒక్కడైనా తనను మగవాడిలా కొట్టాలని.

బెర్దికె చెయ్యి దించేశాడు. రక్తం ఉమ్మి, అందరూ వినేలా అన్నాడు.

"నేను కొడితే నువ్వు చస్తావ్, నేను జైలుకి పోతా. అందుకని కొట్టను. ఇప్పుడు తెలిసిందా, తిరిగి కొట్టనోణ్ణి కొట్టడం ఎంత తేలికో? నీకు కొత్తేం కాదులే. ఇంట్లో రోజూ చేసే పనేగా."

లోయ మొత్తానికి తెలిసి, ఎవరూ పైకి అనని మాట అది. ముసలాళ్ళు కూడా తల వంచుకున్నారు. ఒరోజాలి అది విననట్టే మైరమ్‌బెక్ వైపు తిరిగి, నా పళ్ళెంలో ఆడదాని ముక్క ఎవడు పెట్టించాడని అడిగాడు. మైరమ్‌బెక్ భయపడి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. క్రితంసారి విందులో ఎముక గుచ్చుకుని అన్నకి చిగుళ్ళ నుంచి మర్నాటి దాకా రక్తం ఆగలేదట, అందుకని ఎముక లేనిది పెట్టమని వదినే వచ్చి బతిమాలింది, మేం మర్యాద తక్కువ చెయ్యలేదన్నా, అన్నాడు.

అంటే అనిపా. అతని ప్రాణం కాపాడదామని ఎముక తీయించింది. మరొకడైతే కంటతడి పెట్టుకునేవాడు. ఒరోజాలికి అరికాలి మంట నెత్తికెక్కింది. బయటికొచ్చి, కట్టేసి ఉన్న ఎవరిదో గుర్రమెక్కి, డాక్టరమ్మ వద్దన్న దౌడులోనే ఇంటికి బయలుదేరాడు. గుర్రం డెక్కలూ గుండె చప్పుడూ ఏది ఏదో తెలియలేదు.

ఇంటి గడప దాటగానే ఎడమ పక్క గోడ మగవాళ్ళది. జీను, కళ్ళెం, కమ్చీ ఆ గోడకే ఉంటాయి. ఆడవాళ్ళు ఇల్లు ఊడ్చేటప్పుడు తప్ప ఆ పక్కకు రారు. అతని తాత కాలం నుంచి కమ్చీ వేలాడే మేకు అది. అతను చెయ్యి చాచాడు. మేకు ఖాళీగా ఉంది. అసీల్‌ను పక్కింట్లో వదిలి, కెటిల్ తీసేసి, పొయ్యి కదిపే ఇనుప కడ్డీ దాచడానికి వచ్చిన అనిపా, కడ్డీ చేతిలో ఉండగానే దొరికింది.

జడ పట్టుకుని లాగాడు. నన్ను ఆడదాన్ని చేశావే అని అరిచాడు. ఆవిడ కడ్డీని అతని మీదికి ఎత్తలేదు, దూరంగా విసిరేసింది. చేతిలో ఇనుము ఉండి కూడా అతనికి తగలకూడదనుకుంది. అతను కొట్టాడు. ఆవిడ పొయ్యి అంచుకు తగిలి పడింది. లేవబోతే మళ్ళీ కొట్టాడు. చెవి దగ్గర తోలు లేచి రక్తం మెడలోకి కారింది. మూడోసారి చెయ్యెత్తేసరికి వెనక నుంచి జాన్యిల్ గొంతు వినపడింది.

"అమ్మని వదులు."

తిరిగి చూశాడు. కూతురు కమ్చీని తోలు కొస దగ్గర చుట్టి పట్టుకుని, రాగి తొడుగున్న కర్రపిడిని అతని తల మీదికి ఎత్తి నిలబడింది. పన్నెండేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు గుర్రం మీద తనే కూర్చోబెట్టి, కమ్చీని ఎలా తిప్పాలో తనే నేర్పాడు. గురి తప్పదు.

"ఒక్క దెబ్బ చాలు నాన్నా. నీకూ తెలుసు, నాకూ తెలుసు. గోడకి ఆనుకుని నిలబడు. అది నెమ్మదించేదాకా కదలకు. కదిలితే కొడతా."

ఒరోజాలి గోడకు ఆనుకున్నాడు. మగవాళ్ళ వైపు గోడకే, ఖాళీ మేకు కింద. ఇంట్లో వేరే చప్పుడు లేదు. ముగ్గురూ అదే వింటున్నారు, ఇనుము ఇనుమును కొట్టడం. అతనికిప్పుడు కోపం లేదు. ఆశ్చర్యంగా ఒక్క చుక్క కూడా లేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక మనిషిని చూసి భయపడుతున్నాడు. కానీ గుండె మాత్రం అలాగే కొట్టుకుంటోంది, కోపంలో ఎలాగో అలాగే. తగ్గకపోగా పెరుగుతోంది. పెరిగేకొద్దీ కర్రపిడి ఇంకాస్త పైకి లేస్తోంది.

"ఇది కోపం కాదే," అన్నాడు. "జాన్యిల్, ఒట్టు, కోపం కాదు."

"మాకెలా తెలుస్తుంది? మాకు వినపడేది ఒక్కటే."

కూతురి కనుబొమ్మ మీద కుట్ల మచ్చ తెల్లగా కనిపిస్తోంది. దాని చేతులు వణుకుతున్నాయి. వణికే చేతిలోంచి కర్రపిడి జారి పడినా చాలు, తను అయిపోతాడు, పిల్ల తండ్రిని చంపినదవుతుంది. ఈ వయసులో, ఈ మొహంతో. ఆ సంగతి అతనికి తట్టింది. అనిపాకు అంతకుముందే తట్టింది. నేల మీద నుంచి, నోట్లో రక్తంతో, మెల్లిగా మాట్లాడింది. పెళ్ళయిన నాటి నుంచి ఆవిడ మొగుణ్ణి పేరుతో పిలవలేదు, అప్పుడూ పిలవలేదు.

"జాన్యిల్ నాన్నా. ఊపిరి లోపలికి తీసుకో. మెల్లిగా వదులు. మళ్ళీ తీసుకో. నీ కోసం కాదు చెప్పేది. ఆ పిల్ల జైలుకి పోకూడదు."

అతను ఊపిరి తీసుకున్నాడు. వదిలాడు. భార్య చెప్పినట్టల్లా చేశాడు, పెళ్ళయ్యాక మొదటిసారి. చప్పుడు పట్టు వదల్లేదు. దెబ్బ తప్పి తూలింది, మళ్ళీ అందుకుంది. ఇన్నేళ్ళూ వీళ్ళు ఇలాగే నిలబడ్డారని అతనికి అప్పుడు ఒంట్లో తెలిసింది. గోడకు ఆనుకుని, ఎత్తిన చెయ్యి దిగేదాకా, ఆ చెయ్యి దిగడం తమ చేతుల్లో లేదని తెలిసి. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. గోడ వెంట జారి నేల మీద కూర్చున్నాడు. దౌడు పరుగైంది, పరుగు నడకైంది. నడకయ్యాక కూడా జాన్యిల్ చాలాసేపు వింది. అప్పుడు చెయ్యి దించి, అమ్మ దగ్గరికెళ్ళి, తల ఒళ్ళో పెట్టుకుని, తలగుడ్డ చెంగుతో చెవి దగ్గర రక్తం అదిమిపట్టింది. ఆవిడ రక్తం గడ్డకట్టే రక్తమే గనక కాసేపటికి ఆగింది.

క్షమించమని అడిగాడని రాయాలని నాకూ ఉంది. అడగలేదు. అడిగే అలవాటు లేదు, వాళ్ళకు వినే అలవాటూ లేదు. మర్నాడు పొద్దున్నే సుత్తి తీసుకుని గడప దాటాక కుడి పక్క గోడకు, గిన్నెలూ గరిటెలూ ఉండే ఆడవాళ్ళ వైపు గోడకు, మేకు కొట్టాడు. కమ్చీ తెచ్చి దానికి తగిలించాడు. మా వాళ్ళలో ఏ ఇంట్లోనూ, ఏ తరంలోనూ, కమ్చీ ఆ పక్క వేలాడలేదు. అనిపా ఉబ్బిన కంటితో చూసింది. తీసెయ్యమనలేదు. జాన్యిల్ దగ్గరికొచ్చి, చెయ్యెత్తితే అందుతుందో లేదో చూసుకుని, మేకు కాస్త కిందికి కొట్టమంది. కొట్టాడు.

గొర్రెతోలు కోటు పెట్టెలోకి వెళ్ళింది. లోయలో కమ్చీ కథ పాకింది. వచ్చిన ప్రతివాడూ ముందు ఎడమ గోడ చూసేవాడు, తరువాత కుడి గోడ చూసేవాడు, ఆ తరువాత నేల చూపులు చూసేవాడు. ఒరోజాలికి మొహం మాడిపోయేది. మేకు మాత్రం పీకలేదు.

మంచు పడ్డాక బెర్దికె వచ్చాడు. పెదవి మీద మచ్చ పడింది. నిజానికి తప్పు చేసినవాడు గొర్రెను తోలుకుని వెళ్ళి క్షమాపణ చెప్పుకోవాలి. ఒరోజాలి వెళ్ళకపోతే, చూసి చూసి బెర్దికే వచ్చాడు. కూర్చున్నాడు. అనిపా టీ కలుపుతోంది. బెర్దికె చూపు కుడి గోడ మీద పడింది, అక్కడే నిలిచింది.

"అయితే నిజమేనన్నమాట," అన్నాడు. "ఇంటి మగాడెవరో ఇప్పుడు గోడని అడిగి తెలుసుకోవాలా ఏంటి?"

టిక్కు టిక్కు నడక మాని పరుగందుకుంది. గదిలో అందరికీ వినపడింది. అనిపా చేతిలో గరిటె ఆగింది. జాన్యిల్ గోడ దగ్గరికి జరిగింది. అసీల్ గుమ్మం దగ్గరికి వెళ్ళి కూర్చుని ఒక బూటు తొడుక్కుంది, రెండోది చేతిలో పట్టుకుని వింటూ ఉంది.

ఒరోజాలి అరచెయ్యి రొమ్ము మీది కుట్ల మీద పెట్టుకున్నాడు. ఊపిరి లోపలికి తీసుకున్నాడు, మెల్లిగా వదిలాడు. మళ్ళీ తీసుకున్నాడు. బెర్దికె కూడా తలవంచి, గుర్రం నడకను విన్నట్టు, చెవి అటు పెట్టి విన్నాడు. చప్పుడు మెల్లమెల్లగా నడకకు దిగింది.

"అవును," అన్నాడు ఒరోజాలి. "అడిగే తెలుసుకోవాలి. టీ తాగు."

అనిపా టీ పోసింది. అసీల్ ఇంకొంచెంసేపు వింది. తరువాత చేతిలో ఉన్న రెండో బూటును కింద పెట్టింది. కాలికున్నది మాత్రం విప్పలేదు.